గద్దల మేడం

చిక్కడపల్లిలో ఒక అమ్మాయి ఇంటర్లో బైపీసీ తీసుకుందంటే డాక్టరయిపోయినట్టే లెక్క. ఎంసెట్ రాయడం, సీటు తెచ్చుకోవడం, ఐదేళ్లు చదవడం లాంటి చిల్లర పనులు కొన్ని మిగిలి ఉంటాయి, అంతే. జగదీశ్వర్ గారి కూతురు ఉదయశ్రీ బైపీసీలో చేరిన రోజే ఆమె పెద్దనాన్న శ్రీరామమూర్తి గారు తన మోకాలినొప్పి వివరాలన్నీ ఆమెకు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. తర్వాత ఖాళీగా కూర్చోలేక తమ్ముడి కుటుంబానికి మేనేజరుగా చేరారు. ఈ రెండో ఉద్యోగంలో రిటైర్మెంటు లేదు.

2009లో ఎంసెట్ ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకుకు సీటు రావాలంటే ముందున్న వేలాది మందికి ఒకే రోజున వైద్యవృత్తి మీద విరక్తి పుట్టాలి. లాంగ్ టర్మ్ కోచింగులో వేద్దామని పెద్దనాన్న తీర్మానించారు. ఉదయశ్రీ మాత్రం ఇంట్లో ఎవరూ ఊహించని మాట అంది.

"నేను బీఎస్సీ చేస్త పెద్దనాన్నా."

"చేసి?"

"ఎకాలజీ, ఎవల్యూషన్ చదువుకుంట. జీవులు ఒకదాని మీద ఒకటి ఎట్ల ఆధారపడి బతుకుతయ్, ఎట్ల మారుకుంట వచ్చినయ్ అని."

"కోతి నుంచి మనిషి పుట్టిండనే ముచ్చటనా?"

"గట్ల కాదు. కోతులకు, మనకు పూర్వీకులు ఒక్కరే..."

"మన పూర్వీకులు కరీంనగర్ నుంచి వచ్చిన్రు. నాకెర్క," అని పెద్దనాన్న ఆ శాస్త్రాన్ని అక్కడితో ముగించారు.

జగదీశ్వర్ గారికి నారాయణగూడలో స్కూలు బ్యాగులు, గొడుగులు, రెయిన్‌కోట్లు అమ్మే షాపు ఉంది. అన్న మాటకు ఎదురుచెప్పిన చరిత్ర ఆయనకు లేదు. కూతురి మాటకు ఎదురుచెప్పిన చరిత్రా లేదు. అందుకని వాళ్లిద్దరి మాటలూ ఢీకొన్నప్పుడల్లా ఆయనకు షాపు గుర్తొచ్చేది. ఆ రోజూ లేచి చెప్పులు వేసుకున్నాడు. అయితే మర్నాడు పొద్దున షాపుకు పోతూ పోతూ కూతురిని స్కూటర్ మీద ఎక్కించుకుని నారాయణగూడలోనే ఒక డిగ్రీ కాలేజీలో చేర్పించి వచ్చాడు. సాయంత్రం అన్నకు, "నిన్ననే లాస్ట్ డేట్ అనుకున్న, కాదంట. తొందరల కట్టేసిన," అని అర్థం పర్థం లేని సంజాయిషీ ఒకటి చెప్పాడు. ఏదైనా తప్పు జరిగిపోయాక దాన్ని ఫైలు చేయడం తప్ప మేనేజర్లు చేసేదేముంది? పెద్దనాన్న ఊరుకున్నారు.

బోటనీ, జువాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్సు గ్రూపు అది. తరగతిలో ఉన్నవాళ్లందరూ ఏదో ఒక సీటు రాక వచ్చినవాళ్లే. ఒకరికి మెడిసిన్ రాలేదు, ఒకరికి ఫార్మసీ రాలేదు, ఒకతనికి ఇదే కాలేజీలో కామర్స్ కూడా రాలేదు. కోరి వచ్చిన పిల్ల ఉదయశ్రీ ఒక్కతే కాబట్టి ఆమెనే అందరూ జాలిగా చూసేవాళ్లు. పరిణామవాదం చెప్పే పెద్ద వయసు లెక్చరర్ మొదటి రోజు క్లాసులోకి వచ్చి, గోడ మీది దేవుడి ఫొటోకు దండం పెట్టుకుని, అసలు సంగతి తేల్చేశారు.

"చూడున్రి, నమ్మకం వేరె, మార్కులు వేరె. ఇంటికాడ ఏదన్న నమ్మున్రి. పరీక్షల మాత్రం ఇదే రాయాలె."

ఇంటికాడ నమ్మకాలకు ఏ లోటూ రాలేదు. ఉదయశ్రీ వాళ్ల పై వాటాలో కిరాయికి ఉండే బాలనాగమ్మ అనే పెద్దావిడ, ఒక ఆదివారం కోడలిని వెంటబెట్టుకుని కిందికి దిగింది. కోడలి చేతిలో స్కానింగ్ కవరు ఉంది.

"బిడ్డా, జర ఈ రిపోర్టు చూడు. పెద్ద డాక్టరమ్మ ఏందేందో ఇంగ్లీషుల చెప్పింది."

"నాకేం తెలుస్తది అత్తమ్మా?"

"నువ్వు చదివేది గదే కద? ఆడోళ్ల రోగాల డాక్టరు. ఏదో కాలజీ అని మీ అమ్మ చెప్పింది."

"అది గైనకాలజీ అత్తమ్మా. నాది ఎకాలజీ."

బాలనాగమ్మ కాసేపు ఆలోచించింది. "ముంగట ఒక ముక్క తక్కువున్నది, గంతే కదనే? కొంచమన్న తెల్వకుంటదా?" అంది. చివరికి ఉదయశ్రీ ఆ రిపోర్టులోని ఇంగ్లీషు చదివి, తల్లీబిడ్డా బాగున్నారని రాసి ఉన్న సంగతి చెప్పింది. ఆ రోజు నుంచి ఆ గల్లీలో ఆమెకు డాక్టరుగా కొంత పేరు వచ్చింది. ఎంసెట్ ఇవ్వనిది బాలనాగమ్మ ఇచ్చింది.

మూడో ఏడు ప్రాజెక్టు వర్కు ఉంటుంది. పాత రికార్డుల్లోంచి కొత్త రికార్డులోకి బొమ్మలతో సహా దింపుకోవడాన్ని ప్రాజెక్టు వర్కు అంటారు. జువాలజీ చెప్పే మాధురి మేడం కొత్తగా చేరింది కాబట్టి ఆమెకు ఈ సంప్రదాయం తెలియదు. "ఎవరన్న నిజంగ ఏదన్న చూసి రాస్తరా?" అని అడిగింది. ఉదయశ్రీ లేచి, నారాయణగూడ మార్కెట్ మీద తిరిగే గద్దలను చూస్తానంది. క్లాసంతా నవ్వింది. మాధురి మేడం మాత్రం డిపార్టుమెంటు బీరువాలోంచి బైనాక్యులర్స్ తీసిచ్చింది. అందులో ఎడమ కన్నుకు బూజు తప్ప ఏమీ కనిపించదు. అయినా ప్రభుత్వ నిబంధనల ప్రకారం అది పనిచేస్తున్నట్టే.

అది 2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. కాలేజీలు లేవు, బస్సులు లేవు. బందు పడిన రోజు చికెన్ షాపులు కూడా ఉండవు. ఊళ్లో అందరికీ ఆ బందులు రాజకీయం. ఉదయశ్రీకి మాత్రం అవి ప్రయోగశాల. మామూలు రోజుల్లో షాపువాళ్లు విసిరే పేగులు, తోళ్ల కోసం గద్దలు మార్కెట్ మీద గుంపుగా చక్కర్లు కొడతాయి. మరి షాపులు మూస్తే ఏం చేస్తాయి? పస్తులుంటాయా, ఊరు విడిచిపోతాయా? ఎవరినడిగినా చెప్పేవారు లేరు కాబట్టి, బందు రోజు పొద్దున్నే వెళ్లి ఖాళీగా ఉన్న ఫ్లైఓవర్ మీద నిలబడి కుడికన్నుతో చూడసాగింది.

ఉద్యమం నడుస్తున్న నగరంలో, మనిషన్నవాడు లేని ఫ్లైఓవర్ మీద, బైనాక్యులర్స్ పట్టుకుని ఒక ఆడపిల్ల నిలబడితే పోలీసులు ఏమనుకుంటారో ఆ పాఠం సిలబస్‌లో లేదు. ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు.

"ఏం చూస్తున్నవమ్మా?"

"గద్దలను సార్."

"ఎవరు పంపిన్రు?"

"మాధురి మేడం సార్."

"ఏ పార్టీ?"

"జువాలజీ సార్."

ఆయన ఆమె చేతిలోంచి బైనాక్యులర్స్ తీసుకుని ఎడమ కన్నుతో చూశాడు. అనుమానం ఇంకా బలపడింది. జగదీశ్వర్ గారికి ఫోన్ చేశాడు.

"మీ పాప ఈడ నిలబడి గద్దలను చూస్తున్న అంటుంది. ఇంట్ల ఏమన్న పరేషాన్ ఉన్నదా సార్?"

"లేదు సార్. ఆమె చదువే గది."

"గద్దలా?"

"బీఎస్సీ సార్."

కానిస్టేబుల్ గొంతు మారింది. "మా పిలగాడు బీటెక్ చేసిండు సార్. రెండేండ్ల సంది ఇంట్ల పండుకోని ఫ్యాన్ దిక్కు చూస్తుండు. దానికన్న గద్దలే నయం," అని ఫోన్ పెట్టేసి, ఉదయశ్రీ పక్కన తానూ నిలబడ్డాడు. వాళ్లు చూస్తుండగానే ఒక గద్ద మార్కెట్ వెనక చెత్తకుండీ మీదికి రివ్వున దిగి ఎలుకను తన్నుకుపోయింది. "అరె బాప్ రే!" అని ఆయన చప్పట్లు కొట్టాడు. సమ్మె కాలమంతా ఆమె చూసింది అదే. షాపులు మూసిన రోజున గద్దలు ఎత్తు తగ్గించి, హాస్టళ్ల వెనక చెత్త మీదికి, ఎలుకల మీదికి మళ్లుతున్నాయి. మర్నాడు షాపులు తెరిస్తే మళ్లీ పాత చోటికి. ఊరికి బందు ఉంది గానీ వాటికి లేదు.

ఇదంతా పద్ధతిగా రాసింది. వైవాకు వచ్చిన ఎగ్జామినర్ ఆ పేజీలన్నీ తిరగేసి, అట్టకు ప్లాస్టిక్ కవరు ఎందుకు వేయలేదని ఒకే ఒక ప్రశ్న అడిగి, ఫస్టు క్లాసు వేసి వెళ్లాడు. మాధురి మేడం మాత్రం ఆమెను స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, పాండిచ్చేరిలో ఎకాలజీ ఎమ్మెస్సీ ఉందని, పోయి చదవమని చెప్పింది.

ఇంట్లో సభ కూడింది.

"పాండిచ్చేరికా? గద్దలను చూడనీకా?" అన్నారు పెద్దనాన్న. "ఏమ్మా, ఈడ లేవా గద్దలు?"

జగదీశ్వర్ గారు చెప్పులు వేసుకున్నాడు. ఈసారి మర్నాడు ఆమె కోసం స్కూటర్ ఆగలేదు. ఉదయశ్రీ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు తల్లి అరుంధతి, "ఏదన్న పనిల పడు బిడ్డా, మనసు కుదురుతది," అంది. చిక్కడపల్లిలోనే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరింది. సైన్సుతో పాటు హిందీ, డ్రిల్లు కూడా ఆమే చెప్పేది. డిగ్రీ చదివింది పరస్పర ఆధారం గురించి కాబట్టి స్కూలు మొత్తం ఆమె మీద ఆధారపడింది.

2013 మేలో సివిల్స్ ప్రిలిమ్స్ జరిగింది. ఆ పేపర్లో పర్యావరణం, జీవజాతులు, అడవుల మీద ప్రశ్నలు కుప్పలుగా వచ్చాయి. ఆ సాయంత్రం, గల్లీకో కోచింగు సెంటరున్న అశోక్‌నగర్ ఎట్లా ఉందంటే, పెళ్లిభోజనాల్లో సాంబారు మరిచిపోయిన వంటవాళ్ల గుడారంలా ఉంది. చరిత్ర చెప్పేవాళ్లు గల్లీకి పదిమంది ఉన్నారు. పాలిటీ చెప్పేవాళ్లు ఇరానీ హోటల్లో టేబులుకొకరు ఉన్నారు. ఎకాలజీ చెప్పేవాడు ఒక్కడూ లేడు. అప్పటిదాకా ఆ పాఠాన్ని జాగ్రఫీ సార్లు ఆఖరి రోజున, ఫేర్‌వెల్ పార్టీకి ముందు చెప్పేవాళ్లు.

ఒక అకాడమీ యజమాని రాఘవేందర్ సార్ ఎలా వాసన పట్టాడో గానీ నేరుగా చిక్కడపల్లి ఇంటికే వచ్చాడు. సోఫాలో పెద్దనాన్న ఉన్నారు.

"మీ పాప ఎకాలజీ చదివిందట కద సార్?"

"చదివింది," అన్నారు పెద్దనాన్న నేరం ఒప్పుకుంటున్నట్టు.

"ఎకాలజీ మెయిన్ సార్! ఇప్పుడు బంగారం సార్ అది! హైదరబాద్ మొత్తం తిరిగిన, ఒక్కరు దొరుకుతలేరు."

పెద్దనాన్న సోఫాలో నిటారుగా కూర్చున్నారు. "నేనే చదివిచ్చిన," అన్నారు. "అందరు డాక్టర్, ఇంజినీర్ అంటరు. నేను అప్పుడే చెప్పిన, ముందుచూపు ఉండాలె అని."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఉదయశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపలికి పోయి టీ పెట్టింది.

అలా ఇరవై ఒక్కేళ్ల పిల్ల, తనకన్నా ఎనిమిదేళ్లు పెద్దవాళ్లకు మేడం అయింది. అకాడమీ అశోక్‌నగర్‌లో ఒక బిల్డింగ్ మూడో అంతస్తులో ఉంది. పైన టెర్రస్ మీద రేకుల షెడ్డు వేసి దానికి రీడింగ్ రూమ్ అని పేరు పెట్టారు. వందల మంది ముందు మైకు పట్టుకుని మొదటి రోజు ఆమె, ఒక చెట్టు మీద ఎన్ని రకాల ప్రాణులు ఎలా వాటాలు పంచుకుని బతుకుతాయో చెప్పింది. తను చదువుతున్నప్పుడు ఒళ్లు పులకరించిన పాఠం అది. చెప్పడం అయ్యాక వెనక బెంచీలోంచి కళ్యాణ్ అనే అతను చెయ్యెత్తాడు. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చి నాలుగేళ్లుగా అశోక్‌నగర్లోనే రూమ్ తీసుకుని ఉన్న మనిషి. కోచింగ్ సెంటర్ల చరిత్ర రాయాలంటే ఆయననే అడగాలి.

"మేడం, ఇది ప్రిలిమ్స్‌ల వస్తదా?"

"రావచ్చు."

"స్టేట్‌మెంట్ లెక్క వస్తదా, జతపరుచుమని వస్తదా?"

రోజూ ఇదే. పులి గురించి చెబితే పులుల అభయారణ్యాలను ఉత్తరం నుంచి దక్షిణానికి వరసపెట్టమంటారు. పశువులకు వేసే మందు వల్ల రాబందులు చచ్చిపోతున్నాయని చెబితే మందు పేరు రాసుకుంటారు, రాబందును కొట్టేస్తారు. నేర్చుకున్న దాన్ని మర్చిపోకుండా ఉండడానికి ఆమె దగ్గర ఒకే మార్గం ఉండేది. క్లాసు అయ్యాక టెర్రస్ మీదికి పోయి కొంచెంసేపు ఆకాశం చూసి వచ్చేది.

2014 ఫిబ్రవరిలో, పార్లమెంటులో తెలంగాణ బిల్లు పాసై అశోక్‌నగర్ అంతా రంగులు చల్లుకున్న వారంలోనే, టెర్రస్ మీద గొడవ మొదలైంది. అక్కడి సెల్ టవరు మీద ఒక గద్దల జంట గూడు పెట్టి అప్పటికి రెండు నెలలైంది. గద్దలు గూటిలో తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు పరుస్తాయి. ఇక్కడ అవి అకాడమీ వారి ఫ్లెక్సీనే చింపి తీసుకుపోయాయి. కిందినుంచి చూస్తే పుల్లల మధ్యలోంచి పోయినేటి ర్యాంకర్ ఒకతని సగం ముఖం చిరునవ్వుతో కనిపించేది. గుడ్లు పిల్లలయ్యాక తల్లి గద్దకు రీడింగ్ రూమ్‌కి వచ్చేవాళ్ల మీద నమ్మకం పోయింది. ఎవరు తలుపు తీసుకుని బయటికొచ్చినా వెనకనుంచి వచ్చి నెత్తిన తన్ని పోయేది.

మొదట కళ్యాణ్ చేతిలోని ఎగ్ బోండా పోయింది. తర్వాత ఇంకొకతని నెత్తి గీసుకుపోయి ఇంజెక్షన్ పడింది. అశోక్‌నగర్‌లో పుకార్లకు కరెంటు అక్కర్లేదు. ఫలానా అకాడమీలో చేరితే గద్ద తన్నుతుందట, అది అపశకునమట, అక్కడ చదివితే రిజల్టులో నెంబరు రాదట అని సాయంత్రానికే హాస్టళ్లన్నీ చెప్పుకున్నాయి. రాఘవేందర్ సార్ ఇంజెక్షన్‌కు బెదరలేదు గానీ అపశకునానికి బెదిరాడు.

మర్నాడు ఉదయశ్రీ పైకి వచ్చేసరికి టెర్రస్ నిండా జనం. మధ్యలో కూలిపనికి వచ్చిన బుగ్గయ్య హెల్మెట్ పెట్టుకుని పొడుగాటి వెదురు గడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన రాఘవేందర్ సార్.

"ఏం చేస్తున్నరు సార్?"

"గూడు తీపిస్తున్న మేడం. మీరు కిందికి పోన్రి, దెబ్బ తగుల్తది."

"అండ్ల పిల్లలున్నయ్ సార్."

"నా దగ్గర కూడ పిల్లలున్నరు మేడం. ఫీజు కట్టిన పిల్లలు."

ఉదయశ్రీ ఎప్పుడూ గొంతు పెంచి ఎరగదు. చుట్టూ చూసింది. అందరూ ఫోన్లు పైకెత్తి వీడియో తీయడానికి సిద్ధంగా ఉన్నారు. ముందు వరసలో కళ్యాణ్ ఉన్నాడు.

"కళ్యాణ్ గారూ, నిన్నటి టెస్టుల గద్ద మీద ప్రశ్న ఉన్నది. ఏంది అది?"

"వన్యప్రాణి చట్టంల గద్ద ఏ షెడ్యూల్ కింద వస్తది అని, మేడం."

"ఏం రాసిన్రు?"

"షెడ్యూల్ వన్ మేడం. అందరం కరెక్టే రాసినం."

"షెడ్యూల్ వన్ అంటే ఏంది?"

కళ్యాణ్ పక్కవాళ్లను చూశాడు. పక్కవాళ్లు ఇంకా పక్కవాళ్లను చూశారు. కాబోయే కలెక్టర్లు, డీఎస్పీలు, ఆర్డీవోలు అందరూ ఆలోచించారు.

"అంటే... ఆప్షన్ ఏ, మేడం."

ఉదయశ్రీకి అప్పుడు నిజంగా కోపం వచ్చింది. "షెడ్యూల్ వన్ అంటే జైలు! పులిని కొడితే ఎంత శిక్షనో ఆ గూడు మీద చెయ్యేస్తే గంతే. రేపు ఆఫీసర్లయి మీరు అమలు చెయ్యాల్సిన చట్టం అది. ఇయ్యాల వీడియో తీస్తున్నరు!"

ఎత్తిన ఫోన్లు ఒక్కొక్కటే జేబుల్లోకి పోయాయి. జైలు అనే మాట అందరికన్నా ముందు బుగ్గయ్యకు అర్థమైంది. ఆయన గడను గోడకు ఆనించి, "జైలు సంగతి సెప్పలే గద సారు మీరు. నాకు ఇంటికాడ పనున్నది," అని హెల్మెట్‌తో సహా మెట్లు దిగిపోయాడు. హెల్మెట్ రాఘవేందర్ సార్‌ది.

సార్‌కు చట్టం కన్నా హెల్మెట్ పోయిన బాధ ఎక్కువైంది. "చట్టం పరీక్షకు మేడం. బిజినెస్ నడవద్దా? రేపటి సంది ఈ డోర్‌కి తాళం," అన్నాడు. ఉదయశ్రీ ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేస్తే, గూడు నేల మీద ఉంటే తమదని, టవరు మీద ఉంటే టవరు వాళ్లను అడగాలని చెప్పారు. టవరు వాళ్లకు చేస్తే ఒకటి నొక్కమన్నారు, తర్వాత రెండు నొక్కమన్నారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆమె ఈ సంగతంతా చెప్పింది. జగదీశ్వర్ గారు వింటూ తిన్నాడు. పొద్దున ఆమె అకాడమీకి పోయేసరికి గేటు ముందు ఆటో ఆగి ఉంది. అందులోంచి నాన్న గొడుగుల కట్టలు దించుతున్నాడు. వానాకాలానికని దాచిన సరుకు.

"ఇవి పట్టుకోని చదువుకోమను. మీదికెళ్లి తన్నినా గొడుగుకే తగుల్తది," అన్నాడు. "జూన్ల వాపస్ ఇస్తె సాలు."

అశోక్‌నగర్ చరిత్రలో మొదటిసారి, మండుటెండలు ఇంకా మొదలు కాకముందే, వానచుక్క లేని ఆకాశం కింద నలభై మంది నల్ల గొడుగులు వేసుకుని పంచవర్ష ప్రణాళికలు బట్టీ పట్టారు. పక్క బిల్డింగ్‌ల వాళ్లు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. రెండు దినాల్లో గద్దకు కూడా విసుగొచ్చింది. గొడుగును తన్నితే ఏం వస్తుంది? రాఘవేందర్ సార్ మాత్రం విసుగు చెందే రకం కాదు. మూడో రోజుకల్లా చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. 'ప్రకృతి ఒడిలో శిక్షణ. రాష్ట్రంలోనే తొలి లైవ్ ఎకాలజీ ల్యాబ్.' సార్ ఫొటో నిలువెత్తున ఉంది, గద్ద ఫొటో పిచ్చుకంత ఉంది. ఉదయశ్రీ పేరుకు చోటు సరిపోలేదు. తలుపుకు తాళం వేసే మాట దానంతటదే ఊడిపోయింది.

గూటిలో రెండు పిల్లలుండేవి. మార్చి నెలాఖరున ఒక ఉదయం చిన్నది షెడ్డు రేకుల పక్కన చచ్చిపడి ఉంది. ఉదయశ్రీ దాన్ని పేపర్లో ఎత్తుకుని కూర్చుంది. అంత పొద్దున అక్కడున్నది కళ్యాణ్ ఒక్కడే. గొడుగు మూసి పక్కన కూర్చున్నాడు.

"నేను రోజు చూస్తున్న మేడం. పెద్దది దాన్ని పొడిచేది, తిననియ్యలే. తల్లి చూస్కుంటనే ఉండేది, ఆపలే. ఎందుకట్ల?"

ఆమె చెప్పింది. తిండి తక్కువైనప్పుడు ఇద్దరినీ సగం సగం ఆకలితో పెంచితే ఇద్దరూ పోతారని, ఒకటైనా బతికేలా ఆ జాతి ఎన్నో వేల తరాలుగా ఇలా వచ్చిందని, అది తల్లి క్రూరత్వం కాదని, అలాగని న్యాయమూ కాదని. చాలాసేపు చెప్పింది. కళ్యాణ్ నోట్సు తీయలేదు. ప్రిలిమ్స్‌లో వస్తదా అని అడగనూ లేదు. చివరికి, "మేం ఇద్దరన్నదమ్ములం మేడం. నన్ను చదివియ్యనీకి మా తమ్ముని బడి మాన్పిచ్చిన్రు," అని మాత్రం అన్నాడు. ఇద్దరూ కలిసి ఆ పిల్లను కింద వేపచెట్టు మొదట్లో పాతిపెట్టారు.

పెద్దది ఏప్రిల్‌లో ఎగిరింది. మొదటిసారి ఎగిరినప్పుడు పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంకు మీద బొక్కబోర్లా దిగింది. టెర్రస్ మీద గొడుగులన్నీ గాల్లోకి లేచాయి, అందరూ సెలెక్షన్ వచ్చినంత కేకలు పెట్టారు.

జూన్‌లో కొత్త రాష్ట్రం వచ్చింది. నోటిఫికేషన్లు వరదలా వస్తాయని అశోక్‌నగర్ అంతా నమ్మింది. రాఘవేందర్ సార్ ఉదయశ్రీని ఎన్విరాన్‌మెంట్ డైరెక్టరుగా ప్రకటిస్తానన్నాడు. ఆమె అప్పటికే పాండిచ్చేరి ఎంట్రన్స్ రాసి, సీటు వచ్చిన కాగితం దిండు కింద పెట్టుకుని ఉంది. ఇంట్లో చెప్పింది. మళ్లీ సభ కూడింది.

"డైరెక్టర్ కొలువు ఇడిసిపెట్టి మళ్ల చదువుతదంట!" అన్నారు పెద్దనాన్న. "జగదీశ్వర్, నీ బిడ్డకు చెప్పు."

జగదీశ్వర్ గారు అలవాటుగా లేచాడు. చెప్పుల దాకా పోయాడు. అక్కడ ఆగి, వెనక్కి వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"పోనీ అన్నా," అన్నాడు.

"ఏంది పోనీ?"

"పోనీ అంటున్న. పాండిచ్చేరికి."

అంతకన్నా పొడుగైన ఉపన్యాసం ఆయన జన్మలో ఇవ్వలేదు. పెద్దనాన్న తమ్ముడిని కొత్తగా చూసినట్టు చూశారు. కొంచెంసేపటికి, "నేను అప్పుడే అనుకున్న, పాండిచ్చేరి మంచి ఊరే," అని సభ ముగించారు.

జూలైలో కాచిగూడ స్టేషన్లో చెన్నై రైలు ఎక్కించడానికి నాన్న ఒక్కడే వచ్చాడు. సామాను సీటు కింద తోసి, ఎదురుగా కూర్చుని, సంచీ తాడు సర్దుతూ అడిగాడు.

"అవునే, ఆడ గద్దలుంటయా?"

ఈ ఐదేళ్లలో ఆమె సబ్జెక్టు గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఉంటయ్ నాన్నా. సముద్రం కద, వేరే రకం కూడ ఉంటది. ఒళ్లంత ఎర్రగ, తల తెల్లగ."

"తెల్లగెందుకు? ఎండకా?"

"అంత సుల్వగ చెప్పేది కాదు నాన్నా అది..." అని ఆమె మొదలుపెట్టింది. ఆయన మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వింటున్నాడు. మధ్యమధ్య ఆపి అడుగుతున్నాడు. అది అడిగితే ఇది, ఇది చెబితే ఇంకొకటి. టీ అమ్మేవాడు రెండుసార్లు వచ్చిపోయాడు. ఎవరో చేతులూపారు, ఎవరో ఏడ్చారు. పక్కావిడ కిటికీ మూసింది. జగదీశ్వర్ గారు తలెత్తి చూసేసరికి బయట పొలాలు వెనక్కి పోతున్నాయి.

"అయ్యో, నాన్నా! దిగలేదు మీరు!"

"ఇప్పుడేం దిగుత. మహబూబ్‌నగర్ల దిగి బస్సుకొస్త," అన్నాడాయన కాళ్లు పైకి పెట్టుకుంటూ. "టీసీ వచ్చేదాక చెప్పు."